యాదమ్మ చేతికి గిటారు

(నల్లగొండలో ఒక వంటిల్లు. పొయ్యి మీద పప్పు. మనవడు హాస్టలుకు పోతూ వదిలేసిన గిటారు యాదమ్మ ఒళ్లో ఉంది. నర్సయ్య ఆకలి మీదున్నాడు.)

నర్సయ్య: ఓయ్, దాన్ని ఉల్టా పట్టినవ్.

యాదమ్మ: నాది ఎడమచేతి వాటం. నాకిదే సీదా.

నర్సయ్య: లావు తీగెలు కిందికొచ్చినయ్ గదనే!

యాదమ్మ: రానియ్యి. ఎలిజబెత్ కాటన్ గూడ గిట్లనే వాయించింది.

నర్సయ్య: ఎవలు, దవాఖానల నర్సు ఎలిజబెత్తమ్మనా?

యాదమ్మ: అమెరికామె! నార్త్ కరోలినాల బుట్టింది. మనోడు ఫోన్ల జూపిచ్చిండు. అందరు బొటనేలుతోని లావు తీగెలు కొడ్తరు, మిగతా ఏళ్లతోని రాగం దీస్తరు. ఆమె తీగెలు మార్చకుంట గిటారునే తిప్పి పట్టె. ఇగ ఏళ్లు లావు తీగెల మీద, రాగమంత బొటనేలు మీద. జూడు... టింగ్! అబ్బా, గోరు పాయె.

నర్సయ్య: ఎవలు నేర్పిన్రు ఆమెకు?

యాదమ్మ: ఎవ్వలు లేరు. అన్న పనికి బోంగనే ఆయన బాంజో దీసి మీటేది. పదకొండేండ్లప్పుడు ఇండ్లల్ల పని జేసి, 3 డాలర్ల 75 సెంట్లకు గిటారు కొన్నది.

నర్సయ్య: అంటే మూడొందల చిల్లర! వీడు నా తాన ఎనిమిది వేలు గుంజిండు గదనే!

యాదమ్మ: అది నూరేండ్ల కిందటి లెక్కయ్యా. ఇంటి పక్కపొంటి బోయే రైలును జూసి ‘ఫ్రైట్ ట్రైన్’ పాట కట్టింది, చిన్నప్పుడే.

నర్సయ్య: గూడ్సు బండి మీద పాటా? మనకు నిద్రనే పట్టనియ్యది.

యాదమ్మ: పాట మంచిగుంటే ఊకుంటరా? ఇంగ్లండుల ఇద్దరు తమదేనని రాపిచ్చుకున్నరు.

నర్సయ్య: వారీ! పట్టా జేయిచ్చుకున్నరా?

(ఇంతసేపట్లో నర్సయ్య మనసు పెట్టి విన్న ముక్క ఇదొక్కటే. గట్టు తగాదా ఉన్నోడు మరి.)

యాదమ్మ: సీగరోళ్లు కొట్లాడి ఆమె పేరు ఎక్కిపిచ్చిన్రు.

నర్సయ్య: సీగరోళ్లెవలు?

యాదమ్మ: పెండ్లయినంక చర్చోళ్లు గసొంటి పాటలొద్దన్నరు, గిటారు మూలకు బెట్టింది. ఏండ్లకేండ్లు ముట్టలే. వాషింగ్టన్ల దుకాణంల పని జేస్తుంటే తప్పిపోయిన పిల్ల కనవడ్డది. తల్లికి అప్పజెప్పింది. ఆ పిల్ల పెగ్గీ సీగర్. ఆళ్లింట్లనే పనికి గుదిరింది. ఇల్లంత పాటగాళ్లు, గోడకు గిటారు. ఇగ జేతులాగుతయా? 1958ల మొదటి రికార్డొచ్చింది. అరవై దాటినంక!

నర్సయ్య: వంట బంద్ వెట్టిందా?

యాదమ్మ: గదేనా నీ బుగులు? ఆమె పనిజేసిన ఇంట్ల పాటగాళ్లుండిరి. నాకు దొరికిన ఇల్లు జూడు! ఎడమచేత్తోని వడ్డించిన్నని మీ అమ్మ నా మెటికెల మీద గరిటెతోని కొట్టలే?

నర్సయ్య: నడుమ మా అమ్మెందుకే?

యాదమ్మ: ఆమె ఆపకుంటే నాకు గూడ గ్రామీ అవార్డు వస్తుండె. కాటన్‌కు 1985ల వచ్చింది, తొంభై దాటినంక.

నర్సయ్య: అంటే ఇంక ముప్పయ్యేండ్లు గీ టింగుటింగు ఇనాల్నా నేను! ఏయ్, వాసన... పప్పు అడుగంటిందే!

యాదమ్మ: గరిటె నీ కుడిచేతి పక్కనే ఉంది. కలుపు.