గోస్తనీలో గాలం

"చేప పట్టడంలో ఏముంది బావా, చోటు కుదరాలంతే" అన్నాడు మా బావమరిది. మే నెల, ఆదివారం, పొద్దున్నే ఐదింటికి. బండి మీద వెదురు గెడ, ఐస్‌క్రీం డబ్బాలో తడిమట్టి, అందులో ఎర్రలు. "చింతపండు నానబెట్టు, పులుసుకి" అని గుమ్మంలోంచే ఆర్డరేశాను. మా ఆవిడ తమ్ముణ్ని ఒకసారి, నన్ను ఒకసారి చూసి లోపలికెళ్లిపోయింది.

విశాఖ నుంచి తిన్నగా భీమిలి వెళ్లాం. గోస్తనీ సముద్రంలో కలిసేది అక్కడే. వల బాగుచేసుకుంటున్న పెద్దాయన మా గెడ చూసి, "పోటెక్కాలి బాబూ. ఓ రెండు గంటలు కూకోండి, చేప దానంతటదే లోనకొస్తాది" అన్నాడు. రెండు గంటలు ఒకచోట కూర్చోగలిగితే మావాడు ఇంటర్ ఎప్పుడో గట్టెక్కేవాడు. "ఏటి పైకి పోదాం బావా" అని ఫోన్ తీశాడు. మ్యాపులో నది నీలంగా, మెలికలు తిరిగి, పద్మనాభం వైపు రమ్మంటోంది.

తీరా పద్మనాభం దగ్గర దిగి చూస్తే నీలం ఫోన్‌లోనే ఉండిపోయింది. ఎదురుగా ఇసుక. ఇసుకలో మూడు వికెట్లు, పది మంది కుర్రాళ్లు. బొర్రా గుహల్లో ఆవు పొదుగులాంటి రాళ్లున్నాయి కాబట్టి ఈ నదికి గోస్తనీ అని పేరట. వేసవిలో ఆ ఆవు వట్టిపోతుందని మాత్రం మాకెవరూ చెప్పలేదు. పైన తాటిపూడి ఆనకట్ట నీళ్లేమో పైపుల్లో విశాఖకే వస్తాయి. అంటే, పొద్దున్న ఆ నదితోనే మొహం కడుక్కుని, దాన్ని వెతకడానికి పెట్రోలు తగలేశామన్నమాట!

"అల్లక్కడ మడుగుందండి" అన్నాడు వికెట్ కీపరు.

ఉంది. నడుంలోతు నీళ్లు, వాటిలో ముక్కులు మాత్రం బయటపెట్టి రెండు గేదెలు. మావాడు ఎర్ర గుచ్చి, గాలాన్ని తలచుట్టూ తిప్పి విసిరాడు. బెండు ఇలా తేలి అలా మునిగింది. దారం బిగిసింది, గెడ విల్లులా వంగింది.

"పడింది బావా! కొర్రమీను! ఐదు కిలోలుంటుంది!"

కొర్రమీను లేచి నిలబడింది. దానికి కొమ్ములున్నాయి.

గాలం మెడలో పలుపుకి తగులుకుంది. గేదె కంగారేమీ పడకుండా గట్టెక్కి ఊరిదారి పట్టింది. దాని వెనక గెడ, గెడ వెనక మావాడు, వాడి వెనక డబ్బాతో నేను, మా వెనక ఆట ఆపేసి రెండు టీములూ. ఎదురొచ్చిన కాపరి కాసేపు మాటరాక నిలబడ్డాడు.

"ఏటి బాబూ, మా గేదికి గాలమేసీసినారేటి?"

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం రెండు. మా ఆవిడ ఏమీ అడగలేదు. కంచాలు పెట్టి పులిహోర వడ్డించింది. మా బండి సందు మలుపు తిరగకముందే పొయ్యి మీద ఎసరు పెట్టేసిందట.