ఉందానగర్ దాటని లోకల్

మా పెదనాన్న బొంబాయిలో పదకొండేళ్లు సెంట్రింగ్ పని చేసి వచ్చాడు. మాది కోస్గి దగ్గరి ఊరు. గుంపు మేస్త్రీ వెంట బస్సెక్కి పోయిన పాలమూరు లేబర్‌లో ఆయనొకడు. చదువు లేదు, హిందీ అంతంత మాత్రం. అయినా దాదర్‌లో ఏ వంతెన ఎక్కితే ఏ ప్లాట్‌ఫారంలో దిగుతామో ఇప్పటికీ చెప్పగలడు. "అక్కడ బండికి పేరుండదు బిడ్డా, టైమే పేరు" అంటాడు. ఎనిమిది పన్నెండు ఫాస్ట్, ఎనిమిది ఇరవై స్లో, అంతే. మొన్న కంటి పరీక్షకని హైదరాబాద్ వచ్చినప్పుడు ఫలక్‌నుమా స్టేషన్ చూపించి నన్నడిగాడు: "మరి ఈడ లోకల్ టైం ఎంత?" నేను ఫోన్ తీసి వెతకాల్సి వచ్చింది.

హైదరాబాద్ లోకల్ రైలు, అదే ఎంఎంటీఎస్, దాని రోగం ఏమిటో ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. మనవాళ్లు మాత్రం ఇరవై ఏళ్లుగా వేరే ప్రశ్న అడుగుతున్నారు: "మా ఊరి దాకా ఎప్పుడు పొడిగిస్తారు?" షాద్‌నగర్ వాళ్లు అడుగుతారు, జడ్చర్ల వాళ్లు అడుగుతారు, భువనగిరి వాళ్లు అడుగుతారు. ఎన్నికలు దగ్గర పడితే నాయకులే ముందుగా హామీ ఇచ్చేస్తారు. పొడిగించడం తర్వాతి సంగతి. ఉన్న బండికి టైం ఎవరు ఇస్తారు, ఎవరు కాపాడతారు అన్నది ముందు తేలాలి.

2003 ఆగస్టు 9న అప్పటి ఉప ప్రధాని ఎల్.కె. అద్వానీ జెండా ఊపిన రోజున ఇది మంచి ఆలోచనే. మొదటి దశకు అయిన ఖర్చు సుమారు ₹178 కోట్లు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, రైల్వే చెరి సగం. నలభై కిలోమీటర్లకు పైబడిన లోకల్ రైలు అంత చౌకగా రావడానికి కారణం ఒక్కటే. కొత్త దారి వేయలేదు. లింగంపల్లి, నాంపల్లి, సికింద్రాబాద్, ఫలక్‌నుమాల మధ్య అప్పటికే ఉన్న పట్టాలకు కరెంటు, సిగ్నళ్లు, ప్లాట్‌ఫారాలు సర్దుకుని, మధ్యలో దొరికిన ఖాళీలో లోకల్ బండ్లు నడిపారు. ఖాళీ దొరికినంత కాలం బాగానే నడిచింది.

ఆ పట్టాలు ఊరి జనం కోసం వేసినవి కావు. కర్ణాటకలోని వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు 1874లో లైను వచ్చింది నిజాం రాజ్యాన్ని బొంబాయి–మద్రాసు దారికి కలపడానికి. మా వైపు లైను కథ ఇంకోటి. 1916లో కట్టిన కాచిగూడ స్టేషన్ నుంచి మహబూబ్‌నగర్, గద్వాల మీదుగా పోయేది మీటర్ గేజ్. చిన్న పెట్టెలు, చిన్న ఇంజను. పెద్ద లైను అయింది 1990లలో. మలక్‌పేట, డబీర్‌పురా, యాకుత్‌పురా, హుప్పుగూడ పట్టాలకు రెండు వైపులా ఇళ్లు అంత దగ్గరగా ఎందుకున్నాయో ఆ దారిలో పోయే ప్రతివాడికీ ఏదో ఒక రోజు అనుమానం వస్తుంది. ఇప్పుడక్కడ ఇంకో జత పట్టాలు వేయాలంటే చోటేదీ?

బొంబాయిలో అలా జరగలేదు. 1925 ఫిబ్రవరిలోనే విక్టోరియా టెర్మినస్ నుంచి కుర్లాకు కరెంటు లోకల్ నడిచింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు స్లో లైను వేరు, ఫాస్ట్ లైను వేరు అని పట్టాలు పెంచుకుంటూ పోయారు. ఈరోజు రోజుకు 3,000కు పైగా సర్వీసులు, 70 లక్షలకు పైగా ప్రయాణికులు. ఆ తొక్కిసలాట, తలుపు పట్టుకుని వేలాడటం ఎవరూ కోరుకునేవి కావు. పెదనాన్నే రెండుసార్లు కింద పడబోయి బతికాడు. కానీ కూలివాడు పొద్దున ఏ బండి పట్టుకోవాలో లెక్క వేసుకోగలడు, ఆ లెక్క సాధారణంగా తప్పదు.

మన దగ్గర కంట్రోల్ రూంలో కూర్చున్నాయన ముందు ఒకే జత పట్టాలుంటాయి, పోయే బండ్లకొకటి, వచ్చే బండ్లకొకటి. బేగంపేట వైపు నుంచి ముంబై ఎక్స్‌ప్రెస్ వస్తోంది, వెనకాల వికారాబాద్ ప్యాసింజర్, ఆ వెనక గూడ్సు. హుస్సేన్‌సాగర్ జంక్షన్ దగ్గర నాంపల్లి బండి అడ్డం పోవాలి. సికింద్రాబాద్‌లో ప్లాట్‌ఫాం ఖాళీ అయితే తప్ప ఇది లోపలికి రాదు. ఇందులో ఎవరిని ఆపుతారు? వెయ్యి కిలోమీటర్ల దూరం నుంచి వస్తున్న బండినా, పది కిలోమీటర్లు పోయే లోకల్‌నా? లోకల్ ఔటర్‌లో, అంటే స్టేషన్ బయటి సిగ్నల్ దగ్గర, నిలబడుతుంది. అక్కడున్న ఆయన తప్పేం లేదు, నేనున్నా అదే చేస్తాను. 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ తెరిచాక కొన్ని దూరం బండ్లు అటు మళ్లాయి. భారం కొంత తగ్గింది. అయినా ఖాళీ అయిన ఆ సందు లోకల్‌కే ఇవ్వాలని ఎక్కడా రాసి లేదు.

రాసి లేకపోవడానికి కారణం, దీనికి యజమాని లేడు. బొంబాయిలో 1999లో ముంబై రైల్వే వికాస్ కార్పొరేషన్ అని ఒక సంస్థ పెట్టారు. రైల్వే శాఖకు 51, మహారాష్ట్ర ప్రభుత్వానికి 49 శాతం వాటా. బండ్లు నడిపేది రైల్వేనే, కానీ కొత్త లైన్లు, రేకులు (బండికి కట్టే పెట్టెల వరస), డబ్బు గురించి అడిగితే జవాబు చెప్పే గుమ్మం ఒకటుంది. మనకు రెండో దశ అంటే ₹816.55 కోట్ల అంచనా, అందులో రాష్ట్రం వాటా మూడింట రెండు వంతులు. అంటే సుమారు ₹544 కోట్లు. రాష్ట్రం ఇవ్వలేదని కేంద్రం, కేంద్రమే ఆలస్యం చేసిందని రాష్ట్రం. ఈ వాదనలోనే పదేళ్లు గడిచాయి. విమానాశ్రయం దాకా అనుకున్న చివరి ఆరు కిలోమీటర్ల ముక్క ఆగిపోయింది. బండి శంషాబాద్ దగ్గరి ఉందానగర్ స్టేషన్‌లోనే వెనక్కి తిరుగుతుంది.

ఇక్కడ ఒక పాత సంగతి గుర్తుకొస్తుంది. 1932లో హైదరాబాద్ రాజ్యంలో సర్కారీ బస్సులు మొదలుపెట్టింది నిజాం రైల్వేనే. 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు, రైల్వేలోనే ఒక రోడ్డు రవాణా శాఖ. ఇవాళ్టి ఆర్టీసీ పుట్టింది ఆ కడుపులోంచే. అప్పుడు బస్సుకూ రైలుకూ ఒకటే ఇల్లు. ఇప్పుడు స్టేషన్ బయట రైలు దిగినవాడి కోసం ఆగే బస్సు ఎన్ని చోట్ల కనిపిస్తుంది?

పైగా లెక్కలు మారిపోయాయి. ఎంఎంటీఎస్ కనీస టికెట్ ₹5 అని గొప్పగా చెప్పుకునేవాళ్లం. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం. ఐదు రూపాయలకూ సున్నాకూ మధ్య పోటీ పెడితే గెలిచేదేదో వేరే చెప్పాలా? మెట్రో 2017 నుంచే డబ్బున్న ప్రయాణికుణ్ణి లాక్కుంది. ఇక లోకల్ దగ్గర అమ్ముకోవడానికి మిగిలింది టైం ఒక్కటే. అదే దాని దగ్గర లేదు.

నల్లగొండ వైపు సంగతి మరీ వేరు. బీబీనగర్ దాటాక సింగిల్ లైను. ఓసారి అటు వెళ్తుంటే, పేరెందుకు గానీ, ఒక చిన్న స్టేషన్‌లో మా ప్యాసింజర్‌ను లూప్‌లో, అంటే పక్క పట్టా మీద, పెట్టారు. "క్రాసింగ్ పడింది" అన్నాడు పక్కనున్నాయన, వాన పడింది అన్నంత మామూలుగా. ఎదుటి నుంచి గూడ్సు వెళ్లింది. సరే అనుకుంటే వెనక నుంచి ఇంకో ఎక్స్‌ప్రెస్ దాటింది. నా ఎదురుగా ఒక ముసలమ్మ బత్తాయిల సంచి విప్పి మెత్తబడినవి ఏరి పక్కన పెట్టసాగింది. మార్కెట్ టైం దాటితే వాటికి రేటు ఉండదని ఆమెకు తెలుసు. నలభై నిమిషాల్లో నాలుగు ఏరింది. సికింద్రాబాద్–తిరుపతి వందే భారత్ నల్లగొండలో ఆగుతుందని సంబరపడ్డాం. ఒకే పట్టా మీద అలాంటి బండికి దారి ఇవ్వాలంటే ఎవరో ఒకరు లూప్‌లో కూర్చోక తప్పదు. గుంటూరు–బీబీనగర్ 239 కిలోమీటర్ల డబ్లింగ్‌కు, అంటే రెండో పట్టా వేయడానికి, 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. అది పూర్తయ్యే దాకా ఈ లైనులో లోకల్ గురించి మాట్లాడటం దండగ. ఘట్‌కేసర్ నుంచి యాదాద్రికి 33 కిలోమీటర్ల లైను మాట 2016 నుంచి వింటున్నాం. అది వస్తే భక్తుల కంటే బీబీనగర్ ఎయిమ్స్‌కు, భువనగిరికి రోజూ తిరిగేవాళ్లకే ఎక్కువ పనికొస్తుంది.

పాలమూరు లైను అలా కాదు. పని అయిపోయింది. 2023 ఏప్రిల్ 8న, ఆ తిరుపతి వందే భారత్‌నూ 13 కొత్త ఎంఎంటీఎస్ సర్వీసులనూ ప్రారంభించిన అదే వేదిక మీద, సికింద్రాబాద్–మహబూబ్‌నగర్ 85 కిలోమీటర్ల డబ్లింగ్, విద్యుదీకరణను కూడా ప్రధాని జాతికి అంకితం చేశారు. ఖర్చు సుమారు ₹1,410 కోట్లు. రెండు పట్టాలున్నాయి, కరెంటుంది. ఎంఎంటీఎస్ రెండో దశ మొత్తం అంచనా కంటే ఎక్కువ డబ్బు ఈ ఒక్క లైను మీద పెట్టారు. మరి దాని మీద పొద్దున పూట పనికి పోయేవాడికి కలిసొచ్చే బండ్లు ఎన్ని? వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

అందుకే "జడ్చర్లకు ఎంఎంటీఎస్" అనే నినాదం నాకు నచ్చదు. ఎంఎంటీఎస్ రేకుల్లో మరుగుదొడ్డి ఉండదు, ఎత్తు ప్లాట్‌ఫాం లేని చోట ఎక్కడం దిగడం కష్టం. రెండు గంటల ప్రయాణానికి అది బండే కాదు. అడగాల్సింది మెము, అంటే దగ్గరి ఊళ్ల మధ్య తిరిగే కరెంటు ప్యాసింజర్ బండి. దానికి మెట్లుంటాయి, టాయిలెట్లుంటాయి, ఇంజను తిప్పే పని ఉండదు. మహబూబ్‌నగర్, కాచిగూడల మధ్య పొద్దున మూడు, సాయంత్రం మూడు, గంటకొకటి, ప్రతిరోజూ అదే నిమిషానికి. ఉందానగర్‌లో దిగితే ఎదుటి ప్లాట్‌ఫాంలో లోకల్ సిద్ధంగా ఉండాలి. దీనికి కొత్త భూమి అక్కర్లేదు, ఆరో దశో ఏడో దశో అక్కర్లేదు. రేకులు కావాలి, టైంటేబుల్‌లో చోటు కావాలి.

జనం ఒకవైపే పోతారు, తిరుగు బండి ఖాళీగా వస్తుంది అని అధికారులు అంటుంటారు. చాలా ఊళ్ల విషయంలో అది నిజమే. కానీ ఈ లైనుకు ఇవతల కొత్తూరు, షాద్‌నగర్ ఫ్యాక్టరీలు, అవతల పోలేపల్లి సెజ్ మందుల కంపెనీలు ఉన్నాయి. తెల్లారి ఆరు గంటలకు ఆరాంఘర్ చౌరస్తాలో నిలబడి చూడండి. సిటీలోకి వచ్చే పాలమూరు బస్సుల్లో నిలబడటానికి చోటుండదు. అదే సమయానికి మెడలో ఐడీ కార్డులు వేసుకున్న పిల్లలతో కంపెనీ బస్సులు ఒకదాని వెనక ఒకటి జడ్చర్ల వైపు వెళ్తుంటాయి, సగం మంది కిటికీకి తల ఆనించి నిద్రలోనే.