దేవుడు అద్దెకిస్తే తప్పేంటి?

డేలీ ప్లాజాలో పికాసో రూపొందించిన ఉక్కు శిల్పం దగ్గర నిలబడి, ఎదురుగా ఉన్న చికాగో టెంపుల్ ఫొటో తీసి మా ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. పేరుకి టెంపులే గానీ అది మెథడిస్టు చర్చి. కింద మందిరం, నడుమ అంతస్తుల నిండా అద్దె ఆఫీసులు, కొసన శిఖరం. ఐదు నిమిషాల్లో మా బాబాయి మెసేజ్: "దేవుణ్ణి కూడా రియల్ ఎస్టేట్‌లోకి దింపారన్నమాట!" వెనకే నవ్వు బొమ్మలు వరసకట్టాయి.

ఒళ్లు మండింది నాకు.

ఆ సంఘం 1831 నాటిది. షాపులు, ఆఫీసులు, మందిరం కలిపి ఒకే బిల్డింగు కట్టడం వాళ్లు 1858లోనే మొదలుపెట్టారు. 1871 అగ్నిప్రమాదంలో అది బూడిదైతే మళ్లీ అదే పద్ధతిలో లేపారు. తర్వాత స్థలం అమ్మేసి శివార్లకు పోదామన్నవాళ్లూ లేకపోలేదు. పోలేదు. 1924కల్లా 568 అడుగుల ఈ భవనం పూర్తయింది.

నేను చిన్నప్పుడు వెళ్లిన మందిరంలో పైకప్పు కారుతోందని ఏళ్ల తరబడి కానుకలు పట్టారు. ఎవరెంత ఇచ్చారో ఆదివారం మైకులో చదివేవాళ్లు. తన పేరు తర్వాత "యాభై రూపాయలు" అని వినపడగానే అమ్మ తల వంచుకునేది. ఆ తల వంపు కంటే లాయర్ల దగ్గర నెలనెలా అద్దె పుచ్చుకోవడం అన్యాయమా?

లాయర్లంటే గుర్తొచ్చింది, క్లారెన్స్ డారో ఆఫీసు ఇందులోనే ఉండేది. 1925లో టెన్నెసీలో పరిణామ సిద్ధాంతం పాఠం చెప్పాడని కేసు పెడితే ఆ టీచరు తరఫున వాదించినాయన. దేవుడి సంగతి నాకు తెలీదని బాహాటంగా చెప్పుకున్న మనిషి. ఆయన అద్దె చర్చికే! ఈ ముక్క నాకు భలే ఇష్టం.

శిఖరంలో, నాలుగు వందల అడుగుల ఎత్తున, ఇంకో చిన్న ప్రార్థన మందిరం ఉంది. 1952లో మందుల షాపుల వాల్‌గ్రీన్ కుటుంబం ఇచ్చింది. ఈ ఎత్తు పిచ్చి మాత్రం నాకు నచ్చదు, దేవుడికి వినపడ్డానికి అంత పైకి ఎక్కక్కర్లేదు. కానీ అక్కడి బల్ల మీద చెక్కిన బొమ్మలో యేసు చూస్తున్నది యెరూషలేమును కాదు, చికాగోని. ఆఫీసులూ అద్దెలూ అన్నీ ఉన్న చికాగోని.

ఇంతకీ బాబాయ్, నీ సెల్ షాపు ఎవరి కాంపౌండు గోడకి ఆనుకుని ఉందో, అద్దె ఎవరికి కడుతున్నావో గ్రూపులో నువ్వే చెప్తావా, నన్ను చెప్పమంటావా?