పంట నష్టం రాస్తారు, మట్టి నష్టం ఎవరు రాయాలె?

పెద్ద వాన పడ్డ ప్రతిసారీ మా వరంగల్ దిక్కు ఇదే తంతు. అధికారులు వస్తారు, పత్తి, మక్క, వరి ఎన్నెకరాలు పోయాయో రాసుకుంటారు. 33 శాతం దాటితే పంట నష్టం. పొలంలో ఇసుక మేట వేస్తే దానికీ ఏదో లెక్క ఉంది. చెల్క (వానాధారం మెట్ట పొలం) మీది నుంచి కొట్టుకుపోయిన మట్టికి మాత్రం ఏ కాగితంలోనూ చోటు లేదు. పంట మళ్లీ వేసుకోవచ్చు. రెండు మూడు సెంటీమీటర్ల మట్టి తయారు కావడానికి వెయ్యేళ్ల దాకా పట్టొచ్చని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ చెబుతోంది. రామప్ప గుడి కట్టి ఎనిమిది వందల ఏళ్లే అయింది!

2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజే 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. అంత వానకు ఎవరేం చేస్తరు అంటారా, ఒప్పుకుంటా. మామూలు వానకే కోసుకుపోయేటట్టు చెల్కలను మనమే తయారు చేసుకున్నాం, నా కోపం దాని మీద. ట్రాక్టర్ తిరగడానికి అడ్డమని గెట్లు దున్నేశాం. నీడ పడుతోందని గెట్టు మీది తుమ్మలు కొట్టేశాం. (జానెడు గెట్టు కోసం అన్నదమ్ములు పోలీస్ స్టేషన్‌కు పోవుడు మాత్రం ఆగలేదు.) మలుపులు ఎటు తక్కువైతే అటే పత్తి సాళ్లు తోలుతున్నాం, అది వాలు వెంబడే అయినా సరే. ఇగ వాన పడితే ప్రతి సాలూ కాలువే. ఎర్ర చెల్కల్లో పైపొర పలచన, చాలాచోట్ల కింద ఉండేది మొరమే.

ఒక్క లెక్క చూడండి. ఎకరంలో మిల్లీమీటరు మందం మట్టి పోయిందంటే దాదాపు అయిదు టన్నులు, ట్రాలీల్లో ఒకటిన్నరో రెండో. కంటికి ఆనదు. అదే మనం ఎండాకాలం చెరువు మట్టి కోసం ట్రాలీకింత అని కిరాయి కట్టి తోలించుకుంటాం. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు పూడిక మట్టికి ఎంత గిరాకీ ఉండెనో అందరికీ యాదుంది. ఆ పూడిక ఎక్కడి నుంచి వచ్చింది మరి? ఎగువన ఉన్న మన చెల్కల నుంచే. శ్రీరాంసాగర్ కట్టినప్పుడు 112 టీఎంసీలు పట్టేది, పూడిక పేరుకుని ఇప్పుడు 80 చిల్లరకు వచ్చింది.

మట్టితో పాటు వేసిన ఎరువూ పోతుంది. 2025 వానాకాలంలో యూరియా కోసం లైన్లలో చెప్పులు పెట్టి నిలబడ్డాం, ఆ యూరియా చల్లిన మర్నాడు గట్టి వాన పడితే ఎటు పోయినట్టు?

ఇటుక బట్టీలవాళ్ల తీరు ఇంకో రకం. "పొలం చదును చేసిస్తం, పైసలు కూడా ఇస్తం పటేలా" అంటారు. మీది మట్టి గీకి తీసుకుపోతారు. తర్వాత రెండు బస్తాలు ఎక్కువ వేసినా పంట ఎదగదు, విత్తనం కల్తీదని దుకాణదారును తిడతాం.

వాలుకు అడ్డంగా దున్నడానికి అదనంగా డీజిల్ పడుతుందేమో, అంతే. మూడేసి నాలుగేసి పత్తి సాళ్లకు ఒక కంది సాలు మన పెద్దలు వేసిందే. గెట్లు పోయించే పనులు ఉపాధి హామీలో ఎప్పటి నుంచో ఉన్నాయి, గ్రామసభలో అడిగేవాళ్లే లేరు. ఇక పంట నష్టం రాయడానికి వచ్చే సార్లకు ఒక్క మాట: ఈసారి రోడ్డు మీద నుంచి చూసి పోకుండా చెల్కలోకి దిగండి. ఏ గెట్టు తెగింది, ఎంత లోతు కోసింది, అది కూడా రాసుకోండి. ఫారంలో ఒక్క గడి పెంచితే సరిపోతుంది.