సవరణ: ప్రొపెల్లర్ వంగిన విమానం గురించి

ఇన్సూరెన్స్ వేలంలో దెబ్బతిన్న సెస్నా 152 అనే చిన్న రెండు సీట్ల విమానం కొనడం గురించి రాస్తూ, "ప్రొపెల్లర్ నేలకు తగిలి వంగినా ఇంజిన్ తిరిగితే చాలు, ప్రొపెల్లర్ మార్చుకుంటే సరిపోతుంది" అన్నాను. అది తప్పు, ప్రమాదకరమైన తప్పు. బేగంపేటలో చాలా ఏళ్లు విమానాలు బాగుచేసిన ఒక పెద్దాయన ఫోన్ చేసి మరీ చెప్పారు.

అందులో ఉండేది లైకమింగ్ కంపెనీ ఇంజిన్. ప్రొపెల్లర్‌కి తగిలిన దెబ్బ దాన్ని తిప్పే ఇంజిన్ లోపలి ఇరుసు, అంటే క్రాంక్‌షాఫ్ట్ దాకా పోతుంది. షాఫ్ట్ వెనక గేరును పట్టి ఉంచే బోల్టు, గేరు పక్కకు జరగకుండా ఆపే, వేలెడంత కూడా లేని డోవెల్ పిన్ను దెబ్బతింటే బయటికి కనపడదు. ఆ బోల్టు వదులైతే గాల్లోనే ఇంజిన్ ఆగిపోవచ్చు. అందుకే ఇంజిన్ విప్పి చూడాలంటుంది కంపెనీ. ఆ బోల్టు, పిన్నుల తనిఖీని అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ 2004 ఆదేశంలో తప్పనిసరి చేసింది.

ఫొటోలో ప్రొపెల్లర్ వంగి కనపడితే ఇంజిన్ విప్పి చూసే ఖర్చు కలుపుకొనే వేలంపాట పాడండి. విమానం ఎంత తిరిగిందో, ఏ మరమ్మతులు జరిగాయో రాసి ఉంచే లాగ్‌బుక్కులు లేకపోతే నేనైతే పాటకే దిగను. నా మాట నమ్మి లెక్కలు వేసుకున్నవాళ్లు దయచేసి మార్చుకోండి. క్షమించండి.