ఏ పనీ చేయని ఉద్యోగికి జోహార్లు

లోకమంతా ఇమ్యూనిటీ పెంచుకునే పనిలో మునిగి ఉంది. తగ్గించుకుందామన్న పాపాన ఒక్కరూ పోవడం లేదు. వాపును చూసి బలుపనుకోవద్దని పెద్దలు అన్నప్పుడు వాళ్ల మనసులో సైటోకైన్లు లేకపోవచ్చు గానీ, ఇమ్యునాలజీని అంత పొట్టిగా చెప్పడం ప్రొఫెసర్లకు కూడా చేతకాలేదు.

సైటోకైన్ అంటే ఒక కణం మరో కణానికి పెట్టుకునే అర్జీ. 'క్రిములు చొరబడ్డాయి, తక్షణ చర్య తీసుకోగలరు' అని దాని సారాంశం. అర్జీ పుచ్చుకునే గుమస్తా పేరు రిసెప్టర్. ఇంటర్‌ల్యూకిన్-1 అనే అర్జీ వచ్చిందనుకోండి, టైప్ 1 రిసెప్టర్ దాన్ని అందుకుని, పక్కనున్న తోడు ప్రొటీన్‌ను కలుపుకుని, లోపలికి ఫైలు పరుగెత్తిస్తుంది. జ్వరం, ఎరుపు, నొప్పి, వాపు మంజూరైపోతాయి. కణం మీదున్న గుమస్తాల్లో ఏ కొద్దిమంది కదిలినా చాలు, ఆఫీసంతా అట్టుడికిపోతుంది. ఇంత చురుకైన సిబ్బంది ఉన్న ఆఫీసు ఎక్కువ కాలం నిలబడదని వేరే చెప్పాలా?

అందుకే టైప్ 2 రిసెప్టర్ ఉంది. ఈ మహానుభావుడు అర్జీని వినయంగా, గట్టిగా పట్టుకుంటాడు. ఆపైన ఏమీ చేయడు. చేయలేడు కూడా, లోపలికి కబురు పంపే భాగమే ఆయనకు లేదు. పైగా ఆ తోడు ప్రొటీన్‌ను కూడా తన దగ్గరే కూర్చోబెట్టుకుని, పనిచేసేవాడికి దక్కకుండా చేస్తాడు. ఒక్కోసారి కణం మీది సీటు వదిలేసి రక్తంలో తిరుగుతూ, దారిలోనే అర్జీలను బుట్టదాఖలు చేస్తాడు. ఈ పద్ధతి 1993లో బయటపడింది. విచారణ కమిటీ వేయాల్సింది పోయి, శాస్త్రవేత్తలు 'డికాయ్ రిసెప్టర్', అంటే ఉత్తుత్తి గుమస్తా, అని బిరుదు ఇచ్చారు.

ఇదే శాఖలో ఇంకొక ప్రొటీన్ ఉంది. టైప్ 1 గుమస్తా ముందు కుర్చీలో కూర్చుని లేవదు, అర్జీ ఇవ్వదు, మరొకరిని ఇవ్వనివ్వదు. జన్యులోపం వల్ల ఇది లేకుండా పుట్టిన పసివాళ్లకు ఒళ్లంతా చీముపొక్కులు, ఎముకల్లో వాపు వస్తాయని 2009లో తేలింది. 'ఆపండి' అని చెప్పే ఇంటర్‌ల్యూకిన్-10 అర్జీని తీసుకునే రిసెప్టర్ చెడినా అంతే, పసితనంలోనే పేగులు పుండ్లు పడతాయి.

కోవిడ్ ముదిరి, ఇన్‌ఫ్లమేషన్ (పైన చెప్పిన జ్వరం, వాపుల హడావిడి) హద్దు దాటిన రోగులకు డాక్టర్లు ఇచ్చిన టొసిలిజుమాబ్ అనే మందు చేసే పని కూడా ఇంటర్‌ల్యూకిన్-6 రిసెప్టర్ నోరు మూయించడమే. బయట ఎవరు ఏ సీసా అమ్ముతున్నా, ఐసీయూలో మాత్రం బూస్టింగ్‌కు బ్రేకే వేశారు.

కీళ్లవాతానికి వాడే ఎటానర్‌సెప్ట్ మరీ విడ్డూరం. టీఎన్‌ఎఫ్ అనే మరో వాపు అర్జీని అందుకునే రిసెప్టర్‌లో బయటి ముక్కను కోసి, యాంటీబాడీ తోకకు అతికించి, పనిచేయని గుమస్తాను ఫ్యాక్టరీలో తయారుచేశారు. 1998లో అమెరికాలో అనుమతి కూడా వచ్చింది. అయితే అర్జీలన్నీ బుట్టలోకే పోతే నిజమైన దొంగ కూడా లోపలికి వస్తాడు. అందుకే ఈ రకం మందులు మొదలుపెట్టే ముందు, ఎక్కడైనా క్షయ నిద్రపోతోందేమోనని పరీక్ష చేస్తారు.

అన్నట్టు, ఈ ఉపాయం మనిషి సొంతం కాదు. కౌపాక్స్ లాంటి పాక్స్ (మశూచి జాతి) వైరస్‌లు ఎప్పటి నుంచో దొంగ టీఎన్‌ఎఫ్ రిసెప్టర్లు తయారుచేసి, మన అర్జీలను మధ్యలోనే మింగేస్తున్నాయి. మందుల కంపెనీలు వాటికి రాయల్టీ చెల్లించిన దాఖలాలు మాత్రం లేవు.