లాహోర్ దూరాన్ని వెంటనే సవరించాలి

ఊళ్ల మధ్య దూరాలు లెక్కగట్టి చెప్పే వెబ్‌సైట్లు ప్రజల్ని ఇంకా తప్పుదోవ పట్టిస్తూనే ఉన్నాయి. ఢిల్లీ నుంచి లాహోర్‌కు ఆకాశమార్గాన సుమారు 420 కిలోమీటర్లట, విమానంలో గంట ప్రయాణమట. ఇంత బాధ్యత లేకుండా రాస్తుంటే రెండు ప్రభుత్వాల్లో ఒక్కటీ నోటీసు ఇవ్వకపోవడం విచారకరం.

అసలు లెక్క వేరు. ఢిల్లీలో విమానమెక్కి దుబాయ్‌లో దిగాలి. అది దాదాపు 2,200 కిలోమీటర్లు. అక్కడ ఖరీదైన కాఫీ ఒకటి తాగి, కుర్చీలో ఓ కునుకు తీసి, ఇంకో విమానంలో 2,000 కిలోమీటర్లు వెనక్కి రావాలి. కలిపితే 4,200. పాత లెక్కకు పదింతలు! ముక్కు ఏదిరా అంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించడం మనకు తెలిసిందే కానీ, ఆ చేతికి బోర్డింగ్ పాస్ ఇచ్చింది మాత్రం ఈ రెండు దేశాలే.

కొన్నేళ్ల కిందట నేరుగా విమానం ఉండేది. లాహోర్ గడియారం మనకంటే అరగంట వెనక కాబట్టి, ఇక్కడ పదింటికి ఎక్కినవాడు అక్కడి టైం ప్రకారం పదిన్నరకే దిగేవాడు. రెండు అణ్వస్త్ర దేశాల మధ్య అంత చులకనగా రాకపోకలేమిటి? పరువు పోదూ? 1999లో వాజ్‌పేయి గారైతే ఏకంగా బస్సులోనే లాహోర్ వెళ్లారు. ఆ బస్సు 2019లో ఆగిపోయింది. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తర్వాత అటారీ గేటూ మూసేశారు, ఒకరి విమానాలు ఇంకొకరి ఆకాశంలోకి రాకుండా ఆపేశారు. ఆ ఆకాశానికి నెలనెలా గడువు పొడిగించే ఆచారం కూడా వచ్చింది, కరెంటు బిల్లులాగా క్రమం తప్పకుండా.

ఇందులో ఒక ముచ్చటైన వెసులుబాటు ఉంది. నిషేధం ఈ రెండు దేశాల విమానాలకే. గల్ఫ్ కంపెనీ విమానమైతే పాకిస్తాన్ మీదుగా హాయిగా ఎగిరిపోవచ్చు. అంటే లాహోర్ వెళ్లే మనిషి కిటికీలోంచి పాకిస్తాన్‌ను చూస్తూ పాకిస్తాన్ దాటేసి, దుబాయ్‌లో దిగి, మళ్లీ పాకిస్తాన్‌కు వస్తాడు. వీసా దొరికితేనే అనుకోండి, అది వేరే కథ. శీతాకాలంలో పొగకు మాత్రం ఈ బాధలేవీ లేవు. వీసా అడగదు, దుబాయ్ చుట్టూ తిరగదు. ఎవరి పొలాల పొగ ఎవరి ఊరికి వచ్చిందో రెండు పక్కలా నాయకులు తేల్చుకునేలోపే అటూ ఇటూ తిరిగేస్తుంది.

అయితే ఈ ఏర్పాటు వల్ల మన దక్షిణాదికి జరిగిన మేలు ఎవరూ గుర్తించడం లేదు. నేరుగా చూస్తే హైదరాబాద్ నుంచి లాహోర్ 1,640 కిలోమీటర్లు. ఢిల్లీవాళ్లు మనకంటే 1,200 కిలోమీటర్లు దగ్గరున్నామని మురిసిపోయేవారు. దుబాయ్ మీదుగా అయితే మనకు దాదాపు 4,550, వాళ్లకు 4,200. తేడా 350కి పడిపోయింది. డెబ్బై ఏళ్లకు పైగా ఏ ఆర్థిక సంఘమూ తేలేని ప్రాంతీయ సమానత్వాన్ని మూసేసిన ఆకాశం ఏ కమిటీ లేకుండానే తెచ్చింది. మిగిలిన ఆ 350 కూడా సర్దుబాటు చేయాలంటే, ఢిల్లీవాళ్లను శంషాబాద్ వచ్చి విమానం ఎక్కమంటే సరి.